బల్ల కింద దూరితేనే ధర తెలిసేది

పాత బల్ల కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, పంచె ఎగ్గట్టుకొని దాని కింద దూరడం. ప్యాంటు వేసుకుంటే ఇంకా మేలు, మోకాళ్లు గీసుకుపోవు. చేతిలో టార్చి, జేబులో టేపు, ఒక భూతద్దం ఉంటే చాలు. అమ్మేవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. బల్ల పైభాగాన్ని ఎన్ని చేతులు తుడిచాయో, ఎన్నిసార్లు పాలిష్ పట్టించారో చెప్పలేం. కింది భాగాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందుకే చేసిననాటి గుర్తులన్నీ అక్కడే దొరుకుతాయి.

మా మనవడికి ఈ మధ్య ఒక ఆలోచన పుట్టింది. మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లల్లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. శామీర్‌పేట వైపేమో ఫామ్‌హౌస్‌లు. పడగొట్టే ఇంట్లో బల్ల చవక, కొత్తగా కట్టుకున్న ఇంట్లో అదే బల్లకు మంచి ధర. రెంటికీ మధ్య ఔటర్ రింగు రోడ్డు మీద కాసేపటి ప్రయాణం. "తాతా, ఇక్కడ కొని అక్కడ అమ్ముతా" అన్నాడు. "అమ్ము బిడ్డా, కాని నువ్వు కొనేది ఏందో ముందు నీకు తెల్వాలె గద" అన్నాను. అలా మొదలయ్యాయి ఈ కబుర్లు.

ఈ వైపు పాత బల్లలకు కొదవ లేదు. బొల్లారం, తిరుమలగిరి అంతా కంటోన్మెంటు నేల. ఇప్పుడు రాష్ట్రపతి నిలయం అంటున్న బొల్లారం భవనం 1860లో కట్టింది. బదిలీ అయిన దొరలు బరువైన సామాను మోసుకుపోయేవారు కాదు, నీలాంలో పెట్టి పోయేవారు. ఊళ్లల్లోనేమో పట్వారీల రాతబల్లలు. 1984లో పట్వారీ పదవులు పోయాయి గాని, ఆ బల్లలు చాలా ఇళ్లల్లో అట్లాగే ఉండిపోయాయి. జుమ్మేరాత్ బజార్‌లో అమ్మినా, ఓఎల్ఎక్స్‌లో ఫొటో పెట్టినా అమ్మేవాళ్ల నోట ఒకటే మాట: "నిజాం కాలం నాటిది సార్."

సరే, నిజాం కాలమే అనుకుందాం. ఆ పాలన 1948 సెప్టెంబరుతో ముగిసింది. ఇప్పుడు కాళ్లు, పట్టీలు కలిసే మూలల్లో టార్చి వేసి జిగురు చూడండి. తెల్లగానో, తేటగానో ఎండి, గోటికి కొంచెం సాగుతుంటే అది ఫెవికాల్ జాతి జిగురు. ఫెవికాల్ మన దేశంలోకి వచ్చింది 1959లో. అంతకుముందు వడ్లాయన పొయ్యి మీద సరేసు కాచుకునేవాడు. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన ప్రోటీన్ జిగురు అది. ముదురు గోధుమ రంగులో ఎండుతుంది, పెళుసుగా చిట్లుతుంది, వేడినీళ్ల గుడ్డ కాసేపు అద్దితే మళ్లీ జిగటగా మారుతుంది. ఇలా వెనక్కి కరగడం దాని లోపమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అదే దాని గొప్ప. సరేసుతో అతికిన బల్లను వేడి, తడి చూపించి ఊడదీసి మళ్లీ బిగించవచ్చు. ఫెవికాల్ పాలీవినైల్ అసిటేట్ అనే పాలిమర్, పట్టిందంటే కర్రే చీలాలి గాని కీలు ఊడదు.

మరమేకులు కూడా చూడండి. తల మీద ఒకే గాటు ఉంటే అది ఏ కాలానిదైనా కావచ్చు. ప్లస్ గుర్తు గాటు ఉంటే అది అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1930లలో పేటెంటు తీసుకున్న రకం. మన వడ్లాయన సంచిలోకి అది చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అసలు పాత పనిలో ఇనుము తక్కువ. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, ఇంకో కర్రకు తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా వెదురు చీల కొట్టేవారు. ఆ చీల తల వేలికి తగులుతుంది. ఏళ్ల తరబడి చుట్టూ ఉన్న కర్ర అడ్డంగా కుంచించుకుపోతే, నిలువుగా దిగిన చీల కుంచించుకోక కొంచెం పైకి తేలుతుంది. ఎవరైనా నిన్నమొన్న తయారుచేసి పాతదని చెబుతుంటే, చీల తల చెక్కతో సమంగా ఉంటుంది.

మనవడు ఇక్కడే తొందరపడ్డాడు. "ప్లస్ మరమేకు దొరికింది తాతా, ఇది దొంగ బల్ల!" ఆగు బిడ్డా. ఒక్క మరమేకుతో తీర్పు చెప్పొద్దు. ఊగుతున్న కాలికి ఎవరో 1990లో బిగించి ఉండొచ్చు. అన్ని మూలలూ కొత్తవైతే ఒక మాట, ఒక్క మూల మాత్రమే కొత్తదైతే ఇంకో మాట. దీనికి తిరకాసు వ్యవహారం కూడా ఉంది. కర్ర నిజంగా పాతదే, బల్ల కొత్తది. పడగొట్టిన ఇంటి దూలాలు, దర్వాజాలు కోసి బల్లలు చేసి "యాంటిక్" అని అమ్మడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. అందులో తప్పేమీ లేదు, చెప్పి అమ్మితే. చెప్పకపోతే కనిపెట్టే దారి ఉంది. పనీ పాటూ లేని చోట తొలిచిన బెజ్జాలు, రంగు లప్పం కూరిన మేకు రంధ్రాలు, పాత మసిబారిన ముఖం పక్కనే తాజాగా కోసిన ముఖం కనిపిస్తాయి.

కోత గుర్తులు కూడా మాట్లాడతాయి. దుంగను ఎత్తున పెట్టి పైన ఒకడు, కింద ఒకడు నిలబడి రంపం లాగిన కాలంలో గీతలు కొంచెం వంకరగా, ఎడం ఎడంగా పడేవి. గుండ్రటి మిషన్ రంపం విల్లు వంపు గీతలు వదులుతుంది. పట్టా రంపం నిలువుగా, లెక్కపెట్టినట్టు సమంగా గీస్తుంది. పైపలక కింద అరచేయి పరిచి అటూ ఇటూ జరపండి. చేతి చిత్రిక పట్టిన కర్ర మీద కంటికి కనబడని చిన్న అలలు వేళ్లకు తెలుస్తాయి. మిషన్ చిత్రిక ఆ అలలు మిగల్చదు.

అరుగుదలకూ ఒక న్యాయం ఉంది. మనిషి కూర్చునే వైపు అంచు ఎక్కువ అరుగుతుంది. కింద అడ్డపట్టీ ఉంటే కాళ్లు ఆనించే చోట గుంట పడుతుంది. సొరుగు ఉంటే లాగి లాగి దాని కింది అంచు ఏటవాలుగా తరిగిపోతుంది. నాలుగు అంచులూ ఒకేలా మొద్దుబారి, గోడకు ఆనిన వెనకవైపు కూడా మెరుస్తుంటే అది ఏళ్ల వాడకం కాదు, ఎవరో గరుకు కాగితం పట్టిన పని.

గుండ్రటి బల్ల దొరికితే నాకు పండగ. టేపు తీసి రెండుసార్లు కొలవండి: నార వెంబడి ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి. నిజంగా పాతదైతే అడ్డం కొలత కొంచెం తక్కువ వస్తుంది. గుండ్రంగా చేసిందే, కాలం దాన్ని కోడిగుడ్డు వాలుకు తెచ్చింది. ఎందుకంటే కర్ర అంటే చీపురుకట్ట. పుల్లలు తడిస్తే లావెక్కుతాయి గాని పొడుగెక్కవు, ఎండితే సన్నబడతాయి గాని పొట్టి కావు. చెట్టులో నీళ్లు మోసిన నాళాలు అలాంటివే. వాటి గోడల్లోని సెల్యులోజ్ గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుంటుంది, అదంతా అడ్డంగానే. పైగా చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, మధ్య నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు దాదాపు రెండింతలు. అందుకే పలక ఒంగుతుంది కూడా.

మన హైదరాబాదు పీఠభూమి గాలి ఏప్రిల్, మేలలో ఎముకలు ఎండగొడుతుంది, ఆగస్టులో గోడలకు చెమట పట్టిస్తుంది. మూడడుగుల వెడల్పు టేకు పలక ఈ రెండు కాలాల మధ్య పావు అంగుళం దాకా మారవచ్చు. తెలిసిన వడ్లాయన పైపలకను కింది పట్టీలకు గట్టిగా మేకులు కొట్టి కట్టేయడు, జరగడానికి చోటు ఇస్తాడు. తెలియనివాడు బిగదీస్తాడు, మేలో అది టప్పుమని పగులుతుంది. కాబట్టి పగులు చూసి బెదరొద్దు. నార వెంబడి తిన్నగా వచ్చిన పగులు రుతువుల పని. నారను అడ్డంగా కోస్తూ వచ్చిన విరుపు మాత్రం దెబ్బ, అది ధరను నిజంగా తగ్గిస్తుంది.

ఇక ఏ కర్ర? మన దగ్గర ఎవరిని అడిగినా టేకే అంటారు. మామిడి కర్రకు రంగు కొట్టినా టేకే, నల్లమద్దికి పాలిష్ పెట్టినా టేకే! కర్ర అడ్డకోత కనిపించే చోట, అంటే కాలి అడుగున, బ్లేడుతో కొంచెం శుభ్రం చేసి భూతద్దంలో చూడండి. టేకులో ఏడాదికొక వలయం తేటగా ఉంటుంది, ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కట్టి ఉంటాయి. మామిడిలో రంధ్రాలు ఇష్టం వచ్చినట్టు చెదిరి ఉంటాయి. గీకినప్పుడు టేకు తోలు వాసన లాంటి ఒక వాసన ఇస్తుంది, వేలికి కొంచెం జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డులోని టెక్టోక్వినోన్ వంటి పదార్థాలే చెదలను దూరం పెట్టేవి. ఇరుగుడు, అదే రోజ్‌వుడ్, ఊదా ఛాయ గోధుమరంగులో నల్లటి చారలతో ఉంటుంది, ఎత్తితే బరువు తెలుస్తుంది.

ఆ బరువు లెక్క వేద్దాం. ఐదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందం పలకలో 1.25 ఘనపుటడుగుల కర్ర ఉంది. మూడంగుళాల చదరం, రెండున్నర అడుగుల ఎత్తు కాళ్లు నాలుగింటిలో 0.63. నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందం పట్టీలు చుట్టూ పద్నాలుగు అడుగులనుకుంటే ఇంకో 0.39. మొత్తం రెండుంపావు ఘనపుటడుగుల పైచిలుకు. టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు కాబట్టి బల్ల 42 కిలోల దగ్గర తూగాలి. అదే ఇరుగుడైతే 55 కిలోల దరిదాపు. పాత సామాన్ల వాడి కాటా మీద పెట్టండి. 28 కిలోలే వస్తే లోపల ఏదో బోలు వ్యవహారం ఉన్నట్టు. అయితే మామిడి కూడా దాదాపు టేకంత బరువే తూగుతుంది, అక్కడ కాటా పనికిరాదు, భూతద్దమే దిక్కు.

మరీ అనుమానమైతే నిపుణులున్నారు. మేడ్చల్ దారిలో కొంపల్లి దగ్గర దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద పోతే ములుగులో అటవీ కళాశాల ఉంది. కర్ర ముక్క చూసి జాతి తేల్చే పరీక్షలకు బెంగళూరులోని కలప శాస్త్ర సంస్థ ఉంది. నలభై కిలోల బల్ల కోసం అంత దూరం పోతావా అంటే, ఇరుగుడు అని చెప్పి పెద్ద ధర అడుగుతుంటే పోవాల్సిందే.

"కార్బన్ డేటింగ్ చేయిస్తే వయసు తేలిపోదా తాతా?" చేయిస్తే బల్ల కంటే బిల్లే ఎక్కువ అవుతుంది. పైగా 1650 తర్వాతి మూడు వందల ఏళ్లలో గాలిలోని కార్బన్-14 పైకీ కిందికీ ఊగింది కాబట్టి ఒకే కొలతకు నాలుగైదు కాలాలు సరిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, అది చెప్పేది కర్ర చెట్టులో పెరిగిన కాలం, బల్ల పుట్టిన రోజు కాదు. వలయాల సంగతీ అంతే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు వలయాలు కొలిచి, 1481 నుంచి 2003 దాకా 523 ఏళ్ల రుతుపవనాల కరువుల ఆనవాళ్లు పట్టుకున్నారు. వానలు సరిగా పడని ఏడాది వలయం సన్నబడుతుంది. నీ బల్ల కాలి అడుగున కూడా అలాంటి కరువేళ్లు కొన్ని ఉంటాయి. కాని బెరడు పక్క చివరి వలయాన్ని వడ్లాయన చెక్కి పారేశాడు కదా, చెట్టు ఏ ఏట కొట్టారో ఎట్లా చెబుతావు?

నాకు గట్టిగా తోచేది ఇక్కడే. జనం బల్ల వయసుకు డబ్బులిస్తారు. ఇవ్వాల్సింది చెట్టు వయసుకు. ఇంట్లో వందేళ్లు ఉన్నంత మాత్రాన కర్ర గట్టిపడదు, తేమ స్థిమితపడుతుంది, అంతే. పాత టేకు బాగుండేది అడవిలో నెమ్మదిగా, చాలా ఏళ్లు పెరిగిన చెట్టు మధ్యభాగం, చేవ దేరిన భాగం కావడం వల్ల. తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టిన టేకులో పైన తెల్లకర్ర ఎక్కువ, చేవ తక్కువ, పురుగును ఆపే పదార్థాలూ తక్కువ. బర్మా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. మన బల్లార్షా టేకుకు గిరాకీ చెప్పనక్కర్లేదు, అయోధ్య రామాలయం తలుపులకు వాడింది అదే, ఆ తలుపుల పని దక్కింది మన బోయినపల్లి కలప కార్ఖానాకు. కాబట్టి 1970లో చేసిన సాదా బల్ల అయినా నిండా చేవకర్ర ఉంటే, తెల్లకర్రతో చేసిన "వందేళ్ల" బల్ల కంటే నేను దానికే ఎక్కువ ఇస్తాను.

తెల్లకర్రకు విలువ ఎందుకు తక్కువో పురుగును అడిగితే చెబుతుంది. చెట్టు తన పిండి పదార్థాన్ని దాచుకునేది ఆ పొరలోనే. కర్రను పిండి చేసే చిన్న పెంకు పురుగు తెరిచి ఉన్న రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపల తిని, ఒకటి రెండు మిల్లీమీటర్ల బెజ్జం చేసుకొని బయటపడుతుంది. బెజ్జం ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, అది ఎప్పుడో పోయి ఉండొచ్చు. బల్ల కింద నల్ల కాగితం పరిచి కొన్ని రోజులు కదపకుండా ఉంచండి. పౌడరు లాంటి మెత్తటి పిండి కొత్తగా రాలితే పురుగు లోపలే ఉంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పూస్తారు, పైన పాలిష్ పూస్తే గుడ్లు పెట్టే దారి మూసుకుంటుంది. కిరసనాయిలు పోసే వాళ్లూ ఉన్నారు, పురుగు పోతుందో లేదో గాని ఇల్లంతా కంపు.

పాలిష్ దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అమ్మే ముందు మెరిపించాలని గరుకు కాగితం పట్టించి, తళతళలాడే పాలియురెథేన్ కొట్టిస్తారు. పాత పాలిష్ చాలావరకు చపడా, అంటే లక్క పురుగు చెట్టు కొమ్మల మీద కక్కిన జిగురును శుద్ధిచేసి స్పిరిట్‌లో కరిగించినది. కనబడని మూలలో దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. అతుక్కుంటే అది లక్క. పాలియురెథేన్ కదలదు. వేడి చాయ్ గ్లాసు పెట్టిన తెల్ల వలయం అంటే తేమ లక్క పొరలో చిక్కుకున్నదని, కర్రకు ఏమీ కాలేదని అర్థం. స్పిరిట్ తడిపి పిండిన గుడ్డతో సుతారంగా తుడిస్తే చాలాసార్లు పోతుంది. నల్ల మచ్చ అయితే అది లోపలికి దిగినది. తడి ఇనుము, కర్రలోని టానిన్‌తో కలిసి నల్లటి లవణం అవుతుంది, పూర్వం సిరా చేసింది ఈ రసాయనంతోనే. ఆక్సాలిక్ యాసిడ్‌తో తీస్తారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో నేనైతే మచ్చనే ఉంచేస్తాను. రంగు వేసిన పాత బల్ల అయితే అసలు పొడిగా గీకొద్దు. రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మనకు 2016లో వచ్చింది, అంతకుముందటి రంగు దుమ్ములో ఏముందో దేవుడికెరుక.

ఇప్పుడు ధర. ముందు కర్ర ధర తేల్చండి. ఆ రెండుంపావు ఘనపుటడుగులను ఆ రోజు డిపో రేటుతో గుణించండి. అది నేల ధర, చేవకర్ర అయితే ఎవరూ అంతకు కిందికి అడగలేరు. పైన వడ్లాయన పని, అంటే అతుకులు, సొరుగులు, తరిమెన పట్టిన కాళ్లు. ఇవాళ అదే పని కొత్తగా చేయించుకుంటే ఎన్ని రోజుల కూలి అవుతుందో అడిగి తెలుసుకోండి, అందులో కొంత కలపండి. ఆ పైన వచ్చేది మనసు ధర. దాన్ని ఏ శాస్త్రమూ లెక్కకట్టదు, ఫామ్‌హౌస్ ఆసామి ముఖం చూసి చెప్పాల్సిందే. పీజీ హాస్టలు నడిపేవాడికి అరుగుదల అంటే లోపం, అతనికి నేల ధరకే ఇవ్వాలి. ఫామ్‌హౌస్ ఆయనకు ఆ అరుగుదలే కావాలి, దానికే డబ్బిస్తాడు, మీరు గరుకు కాగితం పట్టించకుండా ఉంటే. పగుళ్లు, మార్చిన కాలు, పురుగు బెజ్జాలు ఫొటోతో సహా ముందే చెప్పండి. ఇంటికొచ్చి చూసి బేరం తగ్గించేవాడి నోట అస్త్రం మిగలదు.

నిజంగానే వందేళ్లు దాటిందని తేలితే సంబరపడి అమెరికాలో ఉన్న మేనకోడలికి ఓడలో పంపొద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద చారిత్రక విలువ ఉన్న వందేళ్ల వస్తువును దేశం దాటించే హక్కు మనకు లేదు, వాటి వ్యాపారానికీ లైసెన్సు కావాలి. పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ దగ్గర ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఇరుగుడు బల్లకు ఇంకో చిక్కు ఉంది, 2017 నుంచి ఆ ప్రజాతి మొత్తం అంతరించే జాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది. శామీర్‌పేటకు పంపడమే సులువు.

పంపేటప్పుడు పైపలక అంచు పట్టి లేపనివ్వొద్దు, కింది పట్టీలు పట్టి లేపాలి. ట్రాలీలో దుప్పటి పరిచి బోర్లా వేసి, తాడు కాళ్లకు కాకుండా పట్టీలకు కట్టాలి. బయలుదేరే ముందు కొన్నాయనకు ఫోన్ చేసి గుమ్మం వెడల్పు అడగండి. ముప్పై రెండు అంగుళాల గుమ్మంలో మూడడుగుల బల్ల నిలువుగా పోదు. పక్కకు పడుకోబెట్టి, ముందు రెండు కాళ్లు లోపలికి పంపి తిప్పితే పోతుంది. అది తెలియక గుమ్మం దగ్గర కాళ్లు ఊడదీయబోయిన హమాలీలను నేను చాలామందిని చూశాను.